పుస్తకం తెరుచుకునే చోటు

మా ఇంట్లో ఏ సంగతైనా తేల్చేది నాన్న కాదు, కవిగారు. ఆయన మా గడప ఒక్కసారి కూడా తొక్కలేదు. ఊరికి అవతలి కొసన మేడ మీద గదిలో ఆయన, ప్రెస్సు వెనక సందులో రెండు గదుల వాటాలో మేము. అయినా అమ్మ బజార్లో కుట్టుమిషను పెట్టుకోవాలా వద్దా, అన్నయ్యని ఇంట్లో ఉండనివ్వాలా వద్దా, నేను చదువుకోవాలా మానాలా, అన్నీ ఆయనే చెప్పాడు. అంటే, ఆయన పుస్తకం చెప్పింది.

నాన్న ప్రెస్సులో బైండరు. పనిలో చేరిన కొత్తలో తన చేత్తో తాను బైండు చేసుకున్న పుస్తకం అది. ఎర్ర గుడ్డ అట్ట. ఆ తర్వాత అది మళ్లీ అచ్చు కాలేదు. లైబ్రరీలో ఉన్న ఒక్క కాపీని ఎవరో మహానుభావుడు ఇంటికి తీసుకుపోయి జీర్ణం చేసుకున్నాడు. కాబట్టి మా వీధి మొత్తానికి కవిగారంటే మా అలమరలో పై అరలో గుడ్డ చుట్టుకుని కూర్చున్న ఆ పుస్తకమే. పిల్లలం మా అంతట మేం దాన్ని ముట్టుకోకూడదు. "ఊరికే పిలిస్తే పలకడానికి ఆయనేమన్నా నీ ఈడువాడా?" అనేవాడు నాన్న.

ఏదైనా తేల్చుకోవలసి వస్తే నాన్న చేతులు కడుక్కుని చాప మీద కూర్చునేవాడు. మేం చుట్టూ కూర్చునేవాళ్లం. పుస్తకాన్ని వెన్ను మీద నిలబెట్టి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని చేతులు వదిలేసేవాడు. పుస్తకం దానంతటదే తెరుచుకునేది. పేజీ మీద వేలు పెట్టి, కళ్లు తెరిచి, చదివేవాడు. మామూలుగా నాన్నది పీల గొంతు. కవిగారి మాట చదివేటప్పుడు మాత్రం అది ఎక్కడినుంచి వచ్చేదో, గది నిండిపోయేది. నాన్నతో అయితే వాదన పెట్టుకోవచ్చు. కవిగారితో ఎవరు పెట్టుకుంటారు?

అమ్మ కుట్టుమిషను అడిగినప్పుడు "నీడ కావాలంటే చెట్టు కదలకూడదు" అని వచ్చింది. అమ్మ లేచి వెళ్లి గంజి వార్చుకుంది. అన్నయ్య ఒకరోజు నాన్న మీద చెయ్యెత్తి, మర్నాడు తల దించుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. అప్పుడు "పోయేవాడి వీపు మీద చెయ్యి వెయ్యకు, దారే వాడికి తల్లి" అని వచ్చింది. అన్నయ్య అది విని, విడిచిన చెప్పులు మళ్లీ తొడుక్కుని వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. నేను పదో తరగతి పాసైనప్పుడు "అక్షరం కంటే ముందే పుట్టింది చెయ్యి" అని వచ్చింది.

నేను ఏడవలేదు. మురిసిపోయాను. అందరు పిల్లలూ పలక మీద దిద్దుకుంటే నేను నాన్న ఒళ్లో కూర్చుని, ఆయన తెరిచిన పేజీలో కవిగారి అక్షరాల మీద వేలు తిప్పుతూ నేర్చుకున్నాను. జ్వరం వస్తే ఆయన మాటలే పలవరించేదాన్నని అమ్మ చెబుతుంది. బళ్లో ఎవరైనా ఏడిపిస్తే ఆయన పాదం ఒకటి మనసులో అనుకుని తలెత్తుకుని నడిచేదాన్ని. అలాంటివాడు స్వయంగా నా చేతుల గురించి మాట్లాడితే కాదంటానా? ఆ సాయంత్రమంతా నా అరచేతులు నేనే చూసుకుంటూ తిరిగాను. మర్నాడు ప్రెస్సులో మడత గదిలో చేరాను.

మడత గదిలో అందరం ఆడవాళ్లమే. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని ఫారం అంటారు. దాని మీద పేజీలు కొన్ని నిటారుగా, కొన్ని తలకిందులుగా, వరస లేకుండా ఉంటాయి. సరిగ్గా మడిస్తే తప్ప అవి వరసలోకి రావు. మడిచి, మడత మీద చెక్కబద్దతో ఒత్తి, పక్కన పెట్టాలి. గదికి పెద్దదిక్కు బద్దక్క. చేతిలో ఆ బద్ద లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు గనక ఆ పేరు. పేరుకే బద్దక్క గానీ బద్ధకం ఆమె దరిదాపులకు రాదు. నేను కవిగారి పాదం ఒకటి చెబితే ఆమె దానికి ఏదో ఒక రాగం తగిలించేది, గదంతా అందుకునేది. చదువు పోయిందన్న బెంగ నాకు ఆ గదిలో నిజంగానే లేదు.

కొన్నేళ్లకి ఒక ఎండాకాలం రెండు ఒకేసారి వచ్చాయి. మొదటిది, కవిగారి మొత్తం రచనలు ఒకే సంపుటంగా మా ప్రెస్సులోనే అచ్చుకు వచ్చాయి. ఆయనకి ఒంట్లో బాగా లేదనీ, ఆయన కన్ను మూయకముందే పుస్తకం చేతికివ్వాలనీ తొందర. రెండోది, చెక్కపెట్టెలో ఒక మిషను వచ్చి వరండాలో కూర్చుంది. ఫారాలు మడిచే మిషను.

యజమాని మడత గదిలోకి ఎప్పుడూ రానివాడు ఆ రోజు వచ్చాడు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఈ పుస్తకం అయిపోయాక మడత గది ఉండదమ్మా. మిమ్మల్ని తీసేస్తున్నానని అనుకోవద్దు. అవసరం లేదంటున్నాను, అంతే."

"ఆ రెండింటికీ తేడా ఏంటి బాబూ?" అంది బద్దక్క.

"మర్యాద తేడా."

"అయితే మేమూ మర్యాదగానే చెబుతున్నాం. ఈ పుస్తకం కూడా మడవం." బద్దని నడుములో దోపుకుని లేచింది. ఆమె వెనకే అందరం లేచాం. కవిగారి మొదటి ఫారాలు బల్ల మీద బొత్తులుగా అలాగే ఉండిపోయాయి.

గేటు ముందు టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నాం. దాని కింద ఎండ తగ్గలేదు, రంగు మారిందంతే. మొదటిరోజే బైండింగు గది మగవాళ్లు కూడా పని ఆపి బయటికి వచ్చారు. అందరికంటే ముందు వచ్చినవాడు నాన్న. "మడత లేని బైండింగు ఏం బైండింగు!" అని గేటు దగ్గర అరిచాడు. ఆయన్ని చూసి నా గుండె ఉప్పొంగింది. ఈ మాట ఇప్పుడు చెప్పడం కష్టంగా ఉంది గానీ, నిజం.

మా బలమంతా కవిగారే. ఆయన పుస్తకం ఆగితే ఊరు అడుగుతుంది, ఊరు అడిగితే యజమాని దిగివస్తాడు, ఇదీ మా లెక్క. రోజులు గడుస్తున్నాయి గానీ ఊరు అడగలేదు. అప్పుడు బద్దక్క ఒక మధ్యాహ్నం అంది, "ఊరెందుకే, ఆయన్నే అడుగుదాం. ఇన్నేళ్లు ఆయన పాటలు పాడాం. ఒక్క మాట మన తరపున అనమందాం. అందరం కలిసి నడిచి వెళ్తే ఎంతసేపు?"

చెప్పుల కోసం వెతుక్కుంటున్న వాళ్లని నాన్న చేతులు అడ్డం పెట్టి ఆపాడు.

"ఆయన మంచం మీద ఉన్నాడక్కా. ఇంతమంది వెళ్లి మీద పడతారా? ఆయన పుస్తకాన్నే ఆపి కూర్చున్నాం. ఏ మొహం పెట్టుకుని వెళ్తాం చెప్పు?"

బద్దక్క మొహం చిన్నబోయింది. ఆ సంగతి ఆమెకి తట్టలేదు. నాకూ తట్టలేదు. నిజమే, కన్నబిడ్డ పురుడు ఆపి కూర్చున్నవాళ్లం, తండ్రి దగ్గరికి ఎలా వెళ్తాం? అందరూ మళ్లీ కూర్చున్నారు.

ఆ తర్వాత మగవాళ్లు పల్చబడ్డారు. ఒకడికి కడుపునొప్పి, ఒకడికి పెళ్లి, ఒకడికి అత్తగారి ఆరోగ్యం. అల్లుళ్లకి అత్తల మీద అంత ప్రేమ ఉంటుందని ఆ ఎండాకాలమే తెలిసింది. చివరికి బైండింగు గదిలోంచి గేటు దగ్గర నాన్న ఒక్కడే మిగిలాడు. అప్పుడు యజమాని నాన్నకి కబురు పెట్టాడు. ముందు గేటులోంచి కాదు, వెనక తలుపులోంచి. నాన్న చాలాసేపు లోపల ఉండి, ఆఫీసు గది టీ తాగి వచ్చాడు. ఏమన్నాడని అడిగితే, "ముందు పుస్తకం పూర్తి చెయ్యండి, తర్వాత మీ సంగతి చూస్తానంటున్నాడు" అన్నాడు.

"నువ్వేమంటావు అన్నయ్యా?" అని బద్దక్క నాన్నని అడిగింది.

"నేననేదేముంది. అడుగుదాం."

దేన్ని అడుగుదామో అక్కడ ఎవరూ అడగలేదు. మర్నాడు పొద్దున్నే మడత గది ఆడవాళ్లందరూ మా ఇంటికి వచ్చారు. గదిలో పట్టినవాళ్లు గదిలో, మిగిలినవాళ్లు మెట్ల మీద, సందులో. అందరూ కాళ్లు కడుక్కుని వచ్చారు. అమ్మ చాప పరిచి వంటగది గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. నాన్న పుస్తకం దించి గుడ్డ విప్పాడు. ఆయన వదులుతాడని అందరూ చూస్తుంటే, ఆయన నా వైపు తిరిగాడు.

"నా చెయ్యి వద్దు. నేను బైండింగు గదివాణ్ణి, రేపు ఎవరైనా ఒక మాట అనొచ్చు. మా చిన్నది మీలో మనిషి. ఇవాళ అదే తెరుస్తుంది."

పుట్టి బుద్ధెరిగిన దగ్గరనుంచి ఆ పుస్తకం నా చేతికి ఇచ్చింది లేదు. చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చాను. వెన్ను మీద నిలబెట్టాను. కళ్లు మూసుకుని, అయ్యా, మావాళ్లకి అన్యాయం చెయ్యకు, అనుకుని చేతులు వదిలాను. పుస్తకం తెరుచుకుంది. ఎండిన జిగురు పెళ్ల ఒకటి చాప మీద రాలింది. దుమ్మేమో అనుకుని చేత్తో తుడిచేసి, పేజీ మీద వేలు పెట్టి చదివాను.

"గింజ మట్టికి తలవంచింది, ఎవరన్నారు ఓడిందని?"

నా గొంతే. కానీ నాన్న గొంతులాగే గది నిండిపోయింది. మెట్ల మీద ఎవరో పక్కవాళ్లకి ఆ మాట చెప్పారు, వాళ్లు సందులో వాళ్లకి చెప్పారు. అలా మాట బయటికి వెళ్లడం నాకు వినిపిస్తూనే ఉంది. బద్దక్క చీర కొంగుతో కళ్లు ఒత్తుకుని లేచింది.

"ఆయనే అన్నాక ఇంకేముంది. పదండే," అంది.

వెళ్లి పుస్తకం మడిచాం. అంత శ్రద్ధగా ఆ గదిలో ఇంకే పుస్తకమూ మడిచి ఉండరు. ఒక్క మడత వంకర పోనివ్వలేదు. తలకిందులుగా ఉన్న పేజీల్లో ఎక్కడైనా ఒక మంచి ముక్క కనబడితే బద్దక్క నన్ను పిలిచి చదివించుకునేది. చివరి ఫారం మడిచిన రోజే మిషను పెట్టె మేకులు పీకారు. తర్వాత చూస్తానన్నారు కదా బాబూ, అని బద్దక్క అడిగితే, యజమాని "చూశాను కదమ్మా" అన్నాడు. అందరినీ పంపించేశారు. నన్ను మాత్రం ఉండమన్నారు. బైండింగు గదిలో మనుషులు తక్కువగా ఉన్నారు, కవిగారి పుస్తకం తొందరగా తెమలాలి, కొన్నాళ్లు మీ నాన్న దగ్గర చెయ్యి సాయం చెయ్యి అన్నారు. బద్దక్కే నాకు నచ్చజెప్పింది. "ఆయన పుస్తకానికి మనలో ఒక్క చెయ్యి అయినా చివరిదాకా ఉండాలి కదే. ఉండు" అని తన బద్ద నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

బైండింగు గదిలోకి అంతకుముందు ఆడవాళ్లని రానిచ్చేవారు కాదు. కుట్టు, జిగురు, అట్ట, అన్నీ నాకు కొత్త. నాన్న ఓపిగ్గా నేర్పేవాడు. పని చేసేటప్పుడు ఆయన వేరే మనిషి, మాటల్లో పొదుపు, చేతుల్లో ప్రేమ. మొదటి కాపీ ఆరి అట్టలోకి ఎక్కిన రోజున దాన్ని నా ముందు పెట్టాడు.

"కొత్త పుస్తకాన్ని ఆత్రంగా మధ్యకి తెరవకూడదు. ముందునుంచి నాలుగు కాగితాలు తీసుకుని బొటనవేలితో మెల్లగా ఒత్తు. ఇప్పుడు వెనకనుంచి నాలుగు. మళ్లీ ముందునుంచి. అలా రెండు వైపులనుంచీ మధ్యకి రావాలి. అప్పుడు వెన్ను అంతటా సమంగా వంగుతుంది."

"అలా చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే ఎక్కడో ఒకచోట విరుగుతుంది. ఒకచోట గట్టిగా ఒత్తి విరిచామనుకో, అక్కడ జిగురు పగిలిపోతుంది. ఇక జన్మలో ఎవరు ఎలా పట్టుకున్నా..."

ఆయన బొటనవేలు కాగితం మీద ఆగిపోయింది.

"ఎలా పట్టుకున్నా?" అన్నాను.

"అక్కడే తెరుచుకుంటుంది," అన్నాడు. జిగురు డబ్బా దగ్గరికి జరుపుకుని కుంచెతో కలపడం మొదలుపెట్టాడు. కలపవలసిన పనేమీ లేదు, అది బాగానే ఉంది. ఆ రోజంతా మళ్లీ నా మొహం చూడలేదు. నేనూ ఆయన మొహం చూడలేదు.

ఆయన కంటే ముందు ఇంటికి వచ్చాను. అమ్మ చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. స్టూలు ఎక్కి పుస్తకం దించాను. అమ్మ వద్దనలేదు. వెన్ను మీద నిలబెట్టి వదిలాను. చెయ్యి వచ్చింది. మళ్లీ వదిలాను. గింజ. మళ్లీ వదిలాను. చెట్టు. మళ్లీ చెయ్యి. దారి. గింజ. ఎన్నిసార్లు వదిలినా ఆ నాలుగు చోట్లే. తిప్పి వెన్ను లోపలికి చూశాను. మూడు పగుళ్లు పాతవి, నల్లబడ్డాయి. నాలుగోది తెల్లగా, కొత్తగా ఉంది. చాప మీద నేను తుడిచేసిన పెళ్ల అక్కడిదే.

"ఇప్పుడా చూసుకున్నావు?" అంది అమ్మ, చాటలోంచి తల ఎత్తకుండా.

"నీకు తెలుసా?"

"కుట్టుమిషను అప్పటినుంచీ తెలుసు. ముందురోజు సాయంత్రం ఆయన దాన్ని మోకాలి మీద పెట్టి ఒత్తుతుంటే చూశాను."

"మరి ఎందుకు ఊరుకున్నావమ్మా?"

అమ్మ ఒక రాయి ఏరి పక్కన పడేసింది. "మీ నాన్న వద్దంటే పోట్లాడాలి. పోట్లాడి ఓడిపోతే, ఆ మనిషితోనే కాపురం చెయ్యాలి. పుస్తకం వద్దంటే ఓడిపోయినట్టుండదు కదా. నాకూ అదే నయమనిపించింది." ఇంకో రాయి ఏరి అంది, "మీ అన్నయ్య అప్పుడు మాత్రం అడ్డుపడాల్సింది. పడలేదు." మళ్లీ బియ్యంలోకి తల దించుకుంది. "ఈసారిది నీకోసమేలే. మిషను దగ్గర కాగితం అందించడానికి ఒక మనిషి కావాలట. యజమాని మీ నాన్నని లోపలికి పిలిచిన రోజే నీ పేరు అనుకున్నారు."

విచిత్రం ఏమిటంటే, నాకు మొదట కోపం వచ్చింది నాన్న మీద కాదు. కవిగారి మీద. అంత నమ్మాను కదా, అంత పెద్ద మాటలు అన్నాడు కదా, తన మాటని ఒకడు మోకాలి మీద పెట్టి విరుస్తుంటే ఊరుకుంటాడా? తెలివితక్కువ కోపమని నాకూ తెలుసు. కానీ ఊహ తెలిసిన దగ్గరనుంచి నాతో మాట్లాడుతున్నాడనుకున్న మనిషి ఒక్కసారి కూడా నాతో మాట్లాడలేదని తెలిస్తే, తెలివైన కోపం ఎక్కడినుంచి వస్తుంది?

బద్దక్కని బస్టాండు పక్కన టీ కొట్టు దగ్గర చూశాను. వెనకాల తొట్టి ముందు కూర్చుని గ్లాసులు కడుగుతోంది. నన్ను చూసి నవ్వింది.

"పుస్తకం ఎంతవరకూ వచ్చిందే?"

"అయిపోయిందక్కా. రేపోమాపో ఆయనే చూడ్డానికి వస్తాడట."

"అదృష్టవంతురాలివి. కళ్లారా చూడు." గ్లాసు వెలుగుకి పెట్టి చూసుకుంది. "మావాళ్లు కొందరు అంటున్నారు, మనం మోసపోయామని. నేనన్నాను, మనం యజమాని మాట విని వెళ్లలేదు, ఆయన మాట విని వెళ్లాం. గింజకి టైం పట్టదా మరి? అయినా వేరేవాళ్లు తెరిచి ఉంటే నాకూ అనుమానం వచ్చేదేమో. తెరిచింది నువ్వు కదా."

చెప్పాలని వచ్చిన మాట చెప్పకుండానే, కడిగిన గ్లాసులు నాలుగు బోర్లించి వచ్చేశాను.

కవిగారు వచ్చిన రోజు మబ్బు పట్టింది. కారులోంచి ఇద్దరు పట్టుకుని దించారు. నేను అనుకున్న మనిషి కాదు. పొట్టిగా, చెవుల్లో తెల్ల వెంట్రుకలతో, ఎవరింట్లోనో మూల కూర్చుని పేపరు చదివే తాతలా ఉన్నాడు. యజమాని పరిగెత్తుకుని కుర్చీ వేశాడు. నాన్న మొదటి కాపీని రెండు చేతులా పట్టుకుని ఇచ్చాడు. ఆయన దాన్ని తెరవలేదు. అంచుల మీద వేళ్లు జరిపి చూశాడు.

"ఎంత బాగా మడిచారయ్యా. ఆ అమ్మాయిలు ఏరీ? వాళ్లని చూడాలి."

"పని అయిపోయిందండి, వెళ్లిపోయారు," అన్నాడు యజమాని.

"వెళ్లిపోయారా." ఆయన నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడ్డ నా వైపు చూశాడు. "సమ్మె చేస్తున్నారని విన్నానమ్మా. ఎవరైనా వస్తారని రోజూ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. నా అంతట నేను మెట్లు దిగలేను గానీ పైనుంచి అరవగలను కదా. ఒక్కరూ రాలేదేం?"

నేను నాన్న వైపు చూశాను. నాన్న నేల వైపు చూస్తున్నాడు.

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదన్నారండి," అన్నాను.

"ఎవరమ్మా అంత పెద్దమనిషి?" అని నవ్వాడు ఆయన. గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగి తిరిగి ఇచ్చాడు. ఆయన మీద నాకున్న కోపం అక్కడితో సరి. అది వెళ్లవలసిన చోటికే వెళ్లింది.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను, నేను మిషను మీద కూర్చోనని. నాన్న వాదించలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి చాప పరిచాడు. అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆయన గుడ్డ విప్పి పుస్తకం చాప మీద పెట్టాడు. ఏ వేళప్పుడు విరిచాడో తెలియదు గానీ, విరిచే ఉంటాడు.

"అడుగుదాం," అన్నాడు.

నేను పుస్తకం తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాను. బద్దక్క బద్ద పక్కన పెట్టుకున్నాను. ముందునుంచి నాలుగు కాగితాలు తీసి బొటనవేలితో ఒత్తాను. వెనకనుంచి నాలుగు. మళ్లీ ముందునుంచి. పాత జిగురు కదా, మొండికేసిన చోట బద్దతో నిమిరాను. ఆయన నేర్పినట్టే, ఒక్క కాగితం వదలకుండా, రెండు వైపులనుంచీ మధ్యకి వస్తున్నాను. నాన్న చూస్తూ ఉన్నాడు.

అలా ఒత్తుతుంటే పేజీలు కనబడ్డాయి. నా జన్మలో చూడని పేజీలు. పన్నునొప్పి మీద పద్యం ఉంది. పోగొట్టుకున్న గొడుగు మీద ఉంది, ఆ గొడుగు ఇప్పుడు ఎవరి నెత్తి మీద సుఖంగా ఉందో అని ఈర్ష్యపడుతూ రాశాడు. అత్తగారి గురక మీద ఉంది. అమ్మ ఎప్పుడు వచ్చి నా భుజం వెనక నిలబడిందో, గొడుగు దగ్గర కిసుక్కున నవ్వింది. మా ఇంట్లో అన్నేళ్లున్నాడు కవిగారు, ఒక్కసారి నవ్వి ఎరగడు. ఆయన్ని న్యాయం చెప్పే మనిషిగా కూర్చోబెట్టి, నాలుగు మాటలు తప్ప ఇంకో మాట అననివ్వలేదు. నాకు ఏడుపు వచ్చింది. చదువు పోయినప్పుడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

చివరి కాగితాలు ఒత్తి, పుస్తకం మూసి, వెన్ను మీద నిలబెట్టి నాన్న ముందుకి జరిపాను.

"ఇప్పుడు అడుగు నాన్నా."

ఆయన రెండు చేతులూ దానికి అటూ ఇటూ పెట్టాడు. పెట్టి అలాగే ఉన్నాడు. వదల్లేదు. చాలాసేపటికి పుస్తకాన్ని మెల్లగా పడుకోబెట్టాడు.

"నీకోసమే చేశానే," అన్నాడు.

చదివినట్టు లేదు ఆ మాట. పీలగా, ఆయన సొంత గొంతుతో ఉంది. ఆ గొంతుతో ముందే ఒక్కసారి అడిగి ఉంటే నేనేం చెప్పేదాన్నో నాకిప్పటికీ తెలియదు. "నేను కూర్చోను నాన్నా" అని మాత్రం మళ్లీ చెప్పాను.

మిషను మీదకి యజమాని మేనల్లుడు వచ్చాడు. నాన్న ఆ తర్వాత కూడా అక్కడే బైండరుగా పనిచేశాడు, నాతో మామూలుగానే మాట్లాడాడు. పుస్తకాన్ని మాత్రం ఇంకెప్పుడూ ముట్టుకోలేదు. వానలు పడ్డాక కవిగారు పోయారు. ఆ వార్త విన్న రోజు ఎర్ర అట్ట పుస్తకం కొంగు కింద పెట్టుకుని టీ కొట్టు దగ్గరికి వెళ్లాను. బద్దక్కకి అంతా చెప్పాను, పెళ్ల రాలిన దగ్గరనుంచి కిటికీ దగ్గర కుర్చీ దాకా. ఆమె గ్లాసులు కడగడం ఆపలేదు.

"అయితే మనల్ని లోపలికి పొమ్మన్నది ఆయన కాదన్నమాట," అంది.

"కాదక్కా."

"మనకోసం కూర్చున్నాడు కూడానన్నమాట."

వాన చుక్కలు తొట్టిలో పడుతున్నాయి.

"ఎందుకు చెప్పావే? పని పోతే పోయింది, ఆయన మాట మీద పోయిందని ఒక్క తృప్తి ఉండేది. అదీ తీసేసుకున్నావు." కసిరినట్టు కాదు, అలసిపోయినట్టు అంది. తర్వాత నా కొంగు కింద పుస్తకం వైపు చూసింది. "ఆ గింజ మాటైనా నిజమేనా? అది ఆయన రాసిందేనా, లేక అదీ మీ నాన్నదేనా?"

"ఆయనదే అక్కా. పుస్తకంలోనే ఉంది. చూపించనా?"

"వద్దులే, చేతులు తడిగా ఉన్నాయి," అని ఇంకో గ్లాసు అందుకుంది.